మా అత్తకు చదివి వినిపించిన ప్రేమ నవలలు

ప్రేమ నవలల మీద నాకున్నన్ని అభిప్రాయాలు వాటిని రాసేవాళ్లకు కూడా ఉండవని మా ఆయన అంటారు. ఎగతాళికే అంటారు, నేను మాత్రం ఒప్పుకుంటాను. రాసేవాళ్లకు అన్ని అభిప్రాయాలుంటే సీరియల్ మూడో వారానికే ఆగిపోతుంది. అభిప్రాయాలు పెట్టుకోవలసింది చదివేవాళ్లు. పదిహేనేళ్ల వయసు నుంచి నేను ఆ పని శ్రద్ధగా చేస్తూ వచ్చాను.

ఆ అలవాటు చేసింది అక్షరమ్ముక్క రాని మనిషి. మా మేనత్త. నాయనకు అక్క.

మాది ఉరవకొండ. ఊరి చివర ఇల్లు, వెనక పశువుల దొడ్డి, దాని అవతల మా మెట్ట చేలు. వాన పడిన ఏడు ముందరి పడసాలలో వేరుశనగ మూటల మధ్య ఒదిగి ఒదిగి నడిచేవాళ్లం. పడని ఏడు అదే పడసాలలో పక్కింటి పిల్లలు కూడా వచ్చి పరుగుపందేలు పెట్టుకునేవాళ్లు.

అత్తను గోరంట్ల దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. ఏడెనిమిదేళ్లు కాపురం చేసింది. పిల్లలు కలగలేదని మామ ఇంకొకామెను పెళ్లి చేసుకొని తెచ్చాడు. అత్తను వెళ్లిపొమ్మని అక్కడ ఎవరూ అనలేదు. ఆమే చీరలు మూట కట్టుకొని, బస్సులు మారి, పుట్టింటికి వచ్చి గడపలో నిలబడింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేదట.

"ఒగ పొయ్యి కాడ ఇద్దరు ఆడోళ్లు యాల? పొగ జాస్తి."

అప్పటికి నేను చిన్నపిల్లను. నాకు ఊహ తెలిసేసరికి అత్త మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న మనిషే.

పెద్దమనిషినయ్యాక నన్ను బడి మాన్పించారు. చదువు పోయిందని నేను అన్నం మానేసి ఏడ్చాను. నాయన ఏమీ అనలేదు కానీ, వేరుశనగ కాయల బండి తోలుకొని గుంతకల్లు పోయినప్పుడు రైలు స్టేషన్ బెంచీ మీద ఎవరో వదిలేసిన వారపత్రిక ఒకటి తలపాగాలో దోపుకొని తెచ్చి నా ముందు పడేశాడు. అందులో ఒక నవల ఆరో భాగం ఉంది. ముందు అయిదు భాగాల్లో ఏం జరిగిందో మాకు ఎప్పటికీ తెలియలేదు.

ఆ మధ్యాహ్నం అత్త పడసాలలో కూర్చుని విత్తనం కాయలు వొలుస్తోంది. విత్తనానికైతే చేత్తోనే వొలవాలి. పప్పు మీది పొర చిట్లితే మొలక రాదు. బొటనవేలు నొప్పి పుట్టే పని, విసుగు పుట్టే పని.

"ఏముండాదే దాంట్లో? గట్టిగా చదువు, నేనూ వింటా" అంది.

చదివాను. ఒక అమ్మాయి, మద్రాసులో పెద్ద బంగళా, మేడ మెట్ల మీద నుంచి దిగుతున్న అబ్బాయి. సరిగ్గా ఆ అబ్బాయి నోరు తెరిచి ఏదో చెప్పబోయే చోట భాగం అయిపోయింది.

"ఊ, ఏం చెప్పినాడు?"

"వచ్చే వారం, అత్తా."

"వచ్చే వారమా? నోరు తెరిచినోడు వారం దినాలు తెరుచుకోనే ఉంటాడా?"

నాయన పొలం నుంచి రాగానే అత్త ఆయన్ను పట్టుకుంది. "తమ్ముడా, ఆ పుస్తకం వచ్చే వారానిది తెచ్చియ్యల్ల" అంది. నాయన ఊరందరి మీదా అరిచేవాడే గానీ అక్క మాట మీద మాట అనేవాడు కాదు. అప్పటి నుంచి బస్టాండు దగ్గర సోడాల అంగడికి వచ్చే వారపత్రిక మా ఇంటికి రావడం మొదలైంది. నాయన దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. దారిలో ఎవరో చూసి "ఏమన్నా, నవల్లు చదువుతాండావా?" అని అడిగితే, "ఎద్దులకు మందు రాసినాడప్పా దీంట్లో" అన్నాడట. ఆ తర్వాత ఎద్దుకు కడుపు ఉబ్బిన ఒకాయన మా ఇంటికే వచ్చి, ఆ పుస్తకంలో ఏమి రాసినారో చూసి చెప్పమన్నాడు. నాయన వాము, ఇంగువ అని తనకు తెలిసిందే చెప్పి పంపించాడు.

చదివే దగ్గర మా ఇద్దరికీ కుదిరేది కాదు. నాకు మాటలు కావాలి. అబ్బాయి ఏమన్నాడు, అమ్మాయి ఏం జవాబు చెప్పింది, ఎవరి మాట నెగ్గింది అన్నదే నాకు నవల. వెన్నెలను, సముద్రాన్ని నేను గబగబా దాటేసేదాన్ని. అత్త పట్టేసేది.

"ఆగు, ఆగు. ఆ పాప ఏం చీర కట్టినాదో చెప్పకుండా దూకితివి. వెనక్కి పో."

వెనక్కి పోయేదాన్ని. ఆకుపచ్చ అంచు ఉన్న లేత పసుపు చీర అని చదివితే, అత్త కాసేపు కాయ వొలవడం ఆపి ఆ చీరను చూసేది. సముద్రం కూడా అంతే. మా అత్త సముద్రం చూడలేదు. చెరువు నిండడమే ఎన్నిసార్లు చూసిందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంత నీళ్లు ఒక్కచోట ఉంటాయన్న మాటను ఆమె నా చేత మళ్లీ మళ్లీ చదివించుకునేది.

ఏడాది తిరిగేసరికి నాకు ఈ నవలల గుట్టు తెలిసిపోయింది. తెలిసిందని ఇప్పటికీ ధైర్యంగా చెబుతాను. అపార్థం లేకపోతే వీటిలో సగం నవలలు లేవు. అబ్బాయి ఆమెను ఎవరితోనో మాట్లాడుతుండగా చూస్తాడు. ఆయన ఎవరమ్మా అని ఒక్కమాట అడిగితే మా అన్న అని చెబుతుంది, కథ అయిపోతుంది. అడగడు. పది వారాలు అడగడు. కథ ముగింపుకు వచ్చేసరికి ఆమెకు జ్వరం వస్తుంది. అబ్బాయి మంచం పక్కన కూర్చుంటాడు, ఆమె కలవరింతలో నిజం చెబుతుంది. మా ఇంట్లో నాకు జ్వరం వస్తే మిరియాల కషాయం ఇచ్చి, లేచి పశువులకు నీళ్లు పెట్టమనేవాళ్లు. అయినా నాకు ఆ జ్వరం మీద కోపం లేదు. నా కోపమంతా ఆ అడగకపోవడం మీద. ప్రేమించినవాడికి అడగాలన్న బుద్ధి లేకపోతే ఆ ప్రేమ ఎందుకని నా వాదన. ఆ మాట అంటే అత్త నవ్వేది.

"అడిగితే ఇంగ వారం వారం మనకేముంటుందే, తిక్కదానా?"

మేము మొదటి నుంచి చివరి దాకా ఒక్క వారం కూడా పోకుండా విన్న నవల ఒకటుంది. అందులో పెద్దింటి కోడలు. మొగుడు ఒక పాటకత్తె మోజులో పడి ఇల్లు వదిలిపోతాడు. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. చివరి వారంలో అతను చిక్కిపోయి, గడ్డం పెరిగి, తిరిగి వస్తాడు. ఆమె ఒక్క మాట అడగకుండా కాళ్లకు నీళ్లిస్తుంది. అంతే, సమాప్తం.

నాకు ఒళ్లు మండింది. పుస్తకం విసిరేసి తలెత్తితే అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నిండా బాగుండాది" అంది.

"ఏం బాగుండాది అత్తా? యాడికి పోయినావని అడగల్లనా లేదా? ఇన్నేండ్లు ఆమె ఏమైపోయిందో వానికి తెలియల్లనా లేదా? రాసినామెకు సిగ్గులేదు."

"నువ్వు చదువు. తీర్పు చెప్పొద్దు" అంది అత్త. ఆ తర్వాత రెండు రోజులు ఆ ముగింపు గురించి అమ్మకు కూడా చెప్పి ఏడ్చింది. అమ్మ రొట్టెలు తడుతూ "పాపం" అని ఊరుకుంది.

ఆ మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. వేసిన విత్తనం జానెడు లేచి మాడిపోయింది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బస్సు దిగి మా మామ వచ్చాడు.

నేను ఆయన్ను గుర్తుపట్టలేదు. పంచె మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము, చేతిలో గుడ్డసంచి. నాయన మంచం వాల్చి "కూర్చో బావా" అన్నాడు. నీళ్లిమ్మని నాతో చెప్పాడు. లోపల అత్త జొన్నలు చెరుగుతోంది. బావా అన్న మాట వినగానే చేట చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

మామ చాలాసేపు కరువు గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. రెండో భార్య పోయిన వానాకాలంలో చనిపోయింది. ఇద్దరు పిల్లలు. కొడుకు పెద్దవాడు, చిన్నాయన ఇంట్లో ఉన్నాడు. కూతురు చిన్నది.

"ఇల్లు ఇల్లుగా లేదప్పా. పొయ్యి వెలిగించే దిక్కు లేదు. నేను చేనికి పోతే పాప ఒగటే ఉంటాది. మీ అక్కను పంపిస్తే..."

అమ్మ తలుపు చాటు నుంచి అత్తను చూసింది. అమ్మ చెడ్డది కాదు. కానీ కరువులో ఇంట్లో ఒక కంచం తగ్గితే బాగుండుననుకోని ఇల్లాలు మా వైపు లేదు. మెల్లగా "పో వదినా. వానికి బుద్ధి వచ్చినాది గదా. నీ ఇల్లు నీకొస్తాది" అంది.

అత్త చేట పక్కన పెట్టి లేచింది. ముఖం కడుక్కుంది. నేను గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాను. ఇంకేముంది, చెంబుతో నీళ్లు తీసుకుపోయి కాళ్లకు ఇస్తుంది, ఆ దిక్కుమాలిన నవల మా ఇంట్లోనే జరగబోతోంది అనుకున్నాను.

అత్త బయటకు పోయి, "తిన్నావా?" అని అడిగింది.

"యాడ తినేది? పొద్దున బస్సెక్కినోన్ని."

సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆయన తిన్నంతసేపూ స్తంభానికి ఆనుకొని నిలబడింది. తింటూ ఆయన చెప్పుకుంటూ పోయాడు. తనకు నడుము నొప్పి. తన ఎద్దు ఒకటి చచ్చిపోయింది. తన తమ్ముడు సరిగ్గా చూడడు. చేయి కడుక్కొని, కడుపు నిండిన మనిషి ధైర్యంతో, "సాయంత్రం బస్సు ఉండాది, సర్దుకో" అన్నాడు.

"నేను రాను" అంది అత్త.

గొంతు పెంచలేదు. సోది లేదు, ఏడుపు లేదు. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత నాయన వైపు తిరిగి, "ఏమప్పా, నువ్వన్నా చెప్పు" అన్నాడు.

నాయన నేల చూస్తూ "అక్క ఇష్టం, బావా" అన్నాడు.

"నేను ఇన్నేండ్లు ఎట్లుంటినో అడుగుతావేమోనని చూస్తి" అంది అత్త. "వచ్చినప్పటి నుంచి నీ కష్టమే చెప్తాండావు. చెప్పుకో, వద్దన్లే. అన్నం పెట్టినా. ఇంగ పో."

మామ సంచి తీసుకొని లేచాడు. అరుగు దిగుతుండగా అత్త పిలిచింది.

"ఆ పాప చదువుకుంటాండాదా?"

"రెండో క్లాసు."

"ఈడికి పంపించు. ఈడ బడి ఉండాది. నేను చూసుకుంటా."

ఆ రోజు అమ్మకు, అత్తకు మాటల్లేవు. ఒక కంచం తగ్గుతుందనుకుంటే ఇంకొక కంచం వస్తోంది. నేను ఉండబట్టలేక అత్త దగ్గర చేరాను.

"అత్తా, కతలో ఆమె కాళ్లకు నీళ్లిచ్చినప్పుడు బాగుండాదంటివే. రెండు దినాలు ఏడిస్తివే."

అత్త నన్ను నిజంగానే తిక్కదాన్ని చూసినట్టు చూసింది.

"కత వింటే నాకు ఏడుపు రావల్ల, వచ్చె. బాగుండాదంటి. అంతమాత్రాన కత చూసుకొని బతకమంటావా? అట్లయితే ఎద్దులకు మందు కూడా దాంట్లోనే చూసుకోవల్ల."

ప్రేమ నవలల గురించి నేను విన్న విమర్శల్లో ఇంతకంటే గట్టిది లేదు. నవల ఆమెను మోసం చేయలేదు, ఆమె కూడా నవలను ఏమీ కోరలేదు. అయితే నా వాదన కూడా ఆ రోజు వీగిపోలేదన్నది గమనించాలి. అడగాలని నేను అన్నాను. అడగలేదనే ఆమె పోలేదు. ఇద్దరం రెండు దారుల్లో వచ్చి ఒక్కచోటే నిలబడ్డాం.

పాప ఎండాకాలం చివర్లో వచ్చింది. మామ బస్టాండులో దింపి, ఇంటి దాకా రాకుండానే వెనక్కి పోయాడు. ఎండకు రంగు మారిన జుట్టు, బిగపట్టిన పెదవులు. అడిగితే తల ఊపడమే తప్ప మాట లేదు. అమ్మ మొదటి రోజు ముఖం తిప్పుకుంది. నాలుగో రోజు కూర్చోబెట్టి తలకు ఆముదం పెట్టి పేలు చూసింది. తర్వాత ఎప్పుడూ కంచాల మాట రాలేదు.

మధ్యాహ్నం నేను చదువుతుంటే ఆ పిల్ల అత్త పక్కన కూర్చుని వినేది. ఒక రోజు నేను నీళ్లు తాగడానికి లేచి వచ్చేసరికి పుస్తకం దాని చేతిలో ఉంది. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. ప్రియతమా అని పలికి, అక్కడ ఆగిపోయి తలెత్తి చూసింది. మా ఇంట్లో ఆ పిల్ల నోరు విప్పి పలికిన మొదటి మాటల్లో అదొకటి. అత్త పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి దానికి చదువు చెప్పే పని నాకు అప్పగించింది. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, నేను పోతే వారపత్రిక ఏమైపోతుందన్నది ఆమె బెంగ.

నన్ను అనంతపురంలో ఇచ్చారు. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. నవలలు చదివే మనిషి కాదు, అయినా పెళ్లయిన కొత్తలోనే గ్రంథాలయంలో తన పేర సభ్యత్వం కట్టి, వారానికి రెండు పుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు. ఏవి తెచ్చారో చూసుకునేవారు కాదు. ఒకసారి మెట్ట నేల సాగు మీద పుస్తకం తెచ్చారు. అది కూడా చదివాను.

అరవైల నాటికి నవలల్లో కార్లు వచ్చాయి. అబ్బాయిలకు నుదుటి మీద పడే జుట్టు వచ్చింది. అమ్మాయిలు ఉద్యోగాలకు పోతున్నారు, ఎదిరించి మాట్లాడుతున్నారు. మా వీధిలో ఆడవాళ్లు వారపత్రికలు చేతులు మార్చుకుంటూ, కొళాయి దగ్గర బిందెలు పెట్టి ముగింపుల మీద పోట్లాడుకునేవారు. నాకు ఇవి పాతవాటి కంటే నచ్చాయి. పాత నవలల్లో అమ్మాయి కళ్లు ఎలా ఉంటాయో చెప్పేవారు, కొత్తవాటిలో ఆ కళ్లతో ఏం చూసిందో కూడా చెబుతున్నారు. కానీ పేద పిల్ల కూడా తెల్లగానే ఉండాలన్న పట్టుదల మాత్రం పోలేదు. మా వైపు ఎండలో ఆరు నెలలు చేను పని చేస్తే ఏ రంగు వస్తుందో ఆ రాసేవాళ్లకు చూపించాలనిపించేది.

మా ఆయన స్నేహితుడు ఒకాయన కాలేజీలో లెక్చరర్. ఆదివారం కాఫీకి వచ్చేవారు. ఒకసారి కిటికీలో నా పుస్తకాలు చూసి నవ్వారు.

"ఏమమ్మా, ఈ చెత్త చదివి ఆడవాళ్లు చెడిపోతాండారు. సంసారాలు వదిలేసి కలల్లో తేలుతాండారు" అన్నారు.

"ఎవరు చెడిపోయినారో ఒకరిని చూపించండి అన్నా" అన్నాను.

"పొద్దంతా నీళ్లు మోసి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి ఒక గంట చదువుతాండాం. ఆ గంటలో కూడా నీళ్లు మోసే కతే చదవల్లనా?" అని కూడా అడిగాను. మీరు దెబ్బలాట సినిమాలు చూసి వచ్చి వీధిలో ఎవరినైనా కొట్టారా అని అడగబోయాను గానీ, మా ఆయన కాఫీ గ్లాసు వెనక నవ్వు దాచుకోవడం చూసి ఆపేశాను. ఆ లెక్చరర్ ఆ తర్వాత కూడా వచ్చేవారు. రెండు నెలలకు, తన భార్య చదువుతుందని చెప్పి, నా దగ్గర ఒక నవల అడిగి తీసుకుపోయారు. తిరిగి ఇచ్చేటప్పుడు కథంతా ఆయనే చెప్పారు.

అప్పటికి ఉరవకొండలో పాప హైస్కూలుకు వచ్చింది. అత్తకు కళ్లలో పొర కమ్ముతోందంటే, పెద్దాసుపత్రిలో చూపించడానికి ఇద్దరూ అనంతపురం వచ్చి మా ఇంట్లో దిగారు. పాప నా భుజాల దాకా పెరిగింది. జడ, రిబ్బను. మాట ఇంకా తక్కువే.

సరిగ్గా ఆ నెలలోనే వారపత్రికలో ఒక నవల ముగిసింది. ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయి, డ్యాములు కట్టే ఇంజనీరు. చివరి భాగంలో ఇంజనీరు జబ్బుతో చనిపోతాడు. ఆమె మరునాడు మామూలుగా ఆఫీసుకు పోయి టైపు మిషను ముందు కూర్చుంటుంది. మా వీధిలో ఆ ముగింపును మెచ్చుకున్నది నేనొక్కదాన్నే. ప్రేమ కథకు పెళ్లి ఒక్కటే ముగింపు కాదని, ఆమె ఆఫీసుకు పోవడంలోనే ఆ ప్రేమంతా ఉందని కొళాయి దగ్గర అందరితో వాదించి, గొంతు బొంగురు పోగొట్టుకున్నాను. అత్త వస్తే నా వైపు మాట్లాడుతుందని నమ్మకం.

పొద్దున బొరుగుల ఉగ్గాని తింటూ నేనే ఎత్తాను.

"అత్తా, ఆ ఇంజనీరు కత వింటివి గదా. చివరిది ఎట్లుండాది?"

"బో బాగుండాది. పెండ్లి ఎంత బాగా చేసినారో. మన పద్ధతి మాదిరే చేసినారు" అంది అత్త.

"ఏ పెండ్లి?"

"అదేమే, వాళ్లిద్దరి పెండ్లి. జబ్బు నయమై వచ్చినాడు గదా."

నేను పాప వైపు చూశాను. పాప కంచం కింద పెట్టి, బిందె తీసుకొని, కొళాయిలో నీళ్లు వచ్చే వేళ కాకపోయినా బయటకు పోయింది.

నేను ఆ పత్రిక తెచ్చి అత్త ముందే చివరి భాగం మొదటి నుంచి చదివాను. ఆసుపత్రి గది, కిటికీ, అతని చేయి చల్లబడటం, మరునాటి ఆఫీసు. అత్త కదలకుండా విన్నది. పాప ఖాళీ బిందెతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"యాల అట్లా మార్చినావే?" అని అడిగాను. కోపంగానే అడిగాను. రాసినామె ఎంతో ఆలోచించి రాసిన ముగింపు అది.

పాప బిందె అంచు పట్టుకొని, "నాకు నోరు రాలే" అంది. "ఆసుపత్రి అని రాసినకాడికి చదివితి. ఆడ నుంచి నేనే చెప్తి."

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకొని, పాపను పక్కకు రమ్మంది. "నాకు అప్పుడే తెల్సు" అంది.

"ఎట్ల తెల్సు?" అన్నాం ఇద్దరం.

"అంతవరకు ఆయప్ప 'ఎక్కడికి వెళ్తున్నావు' అంటాండె. జబ్బు నయమైనాంక 'యాడికి పోతాండావు' అనె. మద్రాసులో ఉండే ఇంజనీరు మన మాటలెట్ల నేర్చె అనుకుంటి. పాప చెప్తాండాదని గమ్మునుంటి. చెప్పనీలే అని."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే నాకు ఇంకొకటి తట్టింది. ఇన్నేళ్లుగా వందల ప్రేమ కథలు చదివాను. వాటిలో మా మాట మాట్లాడినవాళ్లు బండి తోలేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, నవ్వించడానికి వచ్చిపోయేవాళ్లు. యాడికి పోతాండావని ప్రేమగా అడిగిన మగవాడు ఒక్కడు కూడా అచ్చులో నాకు కనిపించలేదు. ఆ ఒక్కడిని ఈ పద్నాలుగేళ్ల పిల్ల మా పడసాలలో కూర్చుని తయారు చేసింది. ఇన్ని అభిప్రాయాలున్న నాకు ఆ లోటు అంతకుముందు కనిపించకపోవడం ఆశ్చర్యమే. ఇప్పుడు ఏ నవల తీసినా మొదట అదే చూస్తాను.

"రెండింట్లో ఏది బాగుండాది అత్తా?" అని అడిగాను. నాకు ఆమె ఓటు కావాలి.

అత్త ఆలోచించింది. "రాసింది బాగుండాది. నిండా బాగా రాసినాది. ఈ పాప చెప్పింది నాకిష్టం."

మా ఆయన ఆఫీసుకు పోతూ ఇదంతా విని, తననూ తీర్పు చెప్పమంటామేమోనని అటూ మెచ్చుకొని ఇటూ మెచ్చుకొని వెళ్లిపోయారు. ఆసుపత్రికి పోవడానికి ఇంకా టైముంది. నేను పత్రిక మడిచి పక్కన పెట్టాను.

"ఏదీ, నాకూ చెప్పు. ఆసుపత్రి కాడ నుంచి" అన్నాను.

పాప నా ముఖం చూసి, నేను కోప్పడటం లేదని నిర్ధారణ చేసుకొని, గోడకు ఆనుకొని కూర్చుంది. మొదట గొణిగింది. కాసేపటికి గొంతు విడింది. ఇంజనీరు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ అమ్మాయి వస్తే, నేను లేని దినాలు నువ్వెట్లుంటివి, తిన్నావా, నిద్రపోయినావా అని అన్నీ అడిగాడు. ఆమె అన్నీ చెప్పింది. అతను మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. తర్వాత ఇద్దరూ బస్సెక్కారు.

"మరి పెండ్లి యాడ చేసిరి?" అని అడిగాను.

అత్తకు చెప్పినప్పుడు పెండ్లి ఏ ఊళ్లోనో అనుకోలేదో ఏమో, పాప కాసేపు పైకప్పు వైపు చూసి ఆలోచించి, చెప్పడం మొదలుపెట్టింది.